ఎర్రబండి మీద ముఖం

జూలై 8, మంగళవారం

కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది. రాస్తే తగ్గుతుందేమో.

ఉదయం దేవరాపల్లి ట్రిప్పు. పోలమ్మ ఎప్పట్లాగే ఎండుచేపల గంపతో ఎక్కింది. పక్కసీటు వాళ్ళు ముక్కు మూసుకున్నారు, ఆవిడ నవ్వింది. రాజయ్యపేటలో తెల్లారగట్ల బయల్దేరి అనకాపల్లిలో నా బస్సు పట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు, ఆరేళ్ళుగా.

శారదానది వంతెన దాటేక కల్వర్టు దగ్గర దిగింది. గంప నేనే అందించేను. నెత్తికెత్తుకుంటోంది, రెండు చేతులూ పైకే ఉన్నాయి. బస్సుకి ఎడమపక్క నుంచి ఎర్రబండి. ఒక్కడే. మెడలో బంగారం నానుతాడు పట్టుకుని లాగేడు. తాడు వెంటనే తెగలేదు... మనిషిని ఈడ్చింది. తల కల్వర్టు గోడకి.

వాడు తాడుతో కొంచెం ముందుకెళ్ళి ఆగేడు. వెనక్కి తిరిగేడు. నేను ఫుట్‌బోర్డు మీద ఉన్నాను. వాడు నన్ను చూసేడు, నేను వాణ్ణి చూసేను. వెళ్ళిపోయేడు.

స్టేషన్లో రెండు గంటలు. ఎస్సై గారు నిదానస్తుడు, మంచినీళ్ళు ఇప్పించేడు. ముఖం చూసేరా అన్నాడు. చూసేనండీ. మళ్ళీ చూస్తే గుర్తుపడతారా. పద్దెనిమిదేళ్ళుగా కండక్టర్ని సార్, టికెట్ కొననివాడి ముఖం నెల తర్వాతైనా చెప్తాను అన్నాను. రాసుకున్నాడు — చామనఛాయ, ముప్పై లోపు, పల్చటి గడ్డం, తల మీద ఏమీ లేదు.

పోలమ్మ విశాఖ పెద్దాసుపత్రిలో ఉంది. తెలివి రాలేదట.

జూలై 9

డ్యూటీకి వెళ్ళేను. అదే బస్సు. ఫుట్‌బోర్డు కడిగేరు. ఎండుచేపల వాసన మాత్రం పోలేదు.

మా డ్రైవరు సన్యాసిరావు సైడు అద్దంలో చూసేడట. వాడికి టోపీ ఉంది కదక్కా అంటాడు. లేదు. జుట్టు చూసేను నేను. నల్ల టోపీ అంటాడు మళ్ళీ. వాదించే ఓపిక లేక ఊరుకున్నాను. అరచేతంత అద్దంలో ఏం కనిపిస్తుంది.

జూలై 12, శనివారం

పోలమ్మ పోయింది. నాలుగో రోజు పొద్దున్న.

జూలై 13, ఆదివారం

నేను గోడకేసి చూస్తూ కూర్చుంటున్నానట. మా అమ్మాయి సింధుకి భయంగా ఉందట. డిగ్రీ చదివే పిల్ల నాకు మందు కనిపెట్టింది — ఫోన్లో ఏదో యాప్‌కి నెలరోజుల ప్లాను తీసుకుని టీవీకి కలిపింది. 'పన్నెండు గదుల ఇల్లు' అని ఒక షో. పన్నెండుమందిని ఒక ఇంట్లో పెట్టి తాళం వేస్తారు. గదిగదికీ కెమెరాలు. వారం వారం ఓట్లు తక్కువొచ్చినవాళ్ళని బయటికి పంపేస్తారు. దీనికి మళ్ళీ ప్లాను ఎందుకే, టీవీలో రాదా అని తిట్టేను. ఇందులో అయితే రోజంతా లైవ్ వస్తుందమ్మా, పాతవీ ఉంటాయి అంది.

మన జిల్లా పిల్ల ఒకతి ఉంది అందులో. శిరీష. ఏటికొప్పాక. లక్కబొమ్మలు చేసే ఇల్లు. అచ్చం మనలాగే మాట్లాడుతోంది, దాచుకోవడం లేదు. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఒక గంట... కల్వర్టు గుర్తు రాలేదు.

జూలై 16

రాజయ్యపేట వెళ్ళొచ్చేను. పోలమ్మ కూతురు దేవుడమ్మ ఇంటి ముందు ఒడ్డు మీద కూర్చుని ఉంది, పక్కన ఎండబెట్టే వల. చేపలు లేవు దానిమీద. నాకంటే పదేళ్ళు చిన్న. నా చేతులు రెండూ పట్టుకుంది.

"మీరు సూసేరు కదక్కా ఆడి మొకం. అది సాలు నాకు."

సూసేను అన్నాను. నా మాట కూడా ఆవిడ మాటలాగే వచ్చింది.

తిరిగి వస్తుంటే బస్సులో ఏడుపు. టికెట్ తీసుకుని కూర్చున్న బస్సు కాబట్టి ఏడవొచ్చు.

జూలై 20, ఆదివారం

మధ్యాహ్నం వంట మా ఆయనే చేసేడు. నేనూ సింధూ టీవీ ముందు. ఈవారం ఆ ఇంట్లోవాళ్ళ సొంతూళ్ళు చూపించేరు. శిరీషది వచ్చేసరికి సింధు కేకలు. లక్క పూసే మిషన్లు, రంగులు, చిన్నచిన్న బొమ్మలు ఎండలో. వాళ్ళమ్మ కెమెరా చూడగానే మాట రాక కొంగు నోట్లో పెట్టుకుంది. వెనక ఊరంతా — చేతులూపేవాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు.

సింధు వెనక్కి తిప్పి తిప్పి మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ వాళ్ళమ్మతో పాటు నాకూ కన్నీళ్ళు. ఈ మధ్య దేనికైనా వచ్చేస్తున్నాయి.

జూలై 24

వాన. చోడవరం దాకా కిటికీలన్నీ మూసి... టికెట్లు ఇవ్వడానికి ఊపిరాడలేదు. ఎర్రబండి కనిపిస్తే చాలు తల అటు తిరిగిపోతోంది. ఎన్ని ఎర్రబళ్ళున్నాయి ఈ రోడ్డు మీద. ఇదివరకు చూసేదాన్నే కాదు.

జూలై 28, సోమవారం

ఎస్సై గారి ఫోను. ఒకణ్ణి పట్టుకున్నారట. ఆ రోడ్డు మీది టీకొట్టు కెమెరాలో ఆరోజు పడ్డ బండిలాంటి బండే, వాడి మీద పాత కేసు కూడా ఒకటుందట. శుక్రవారం సబ్ జైల్లో మేజిస్ట్రేటు గారి ముందు చూపిస్తారు, కొంతమందిని వరసలో నిలబెడతారు, తొందరేం లేదు, తెలియకపోతే తెలియదని చెప్పండి అన్నాడు.

తెలియకపోవడం ఏమిటి.

ఆగస్టు 1, శుక్రవారం

చెప్పేసేను.

ఎనిమిదిమంది. అందరూ ఒకే ఈడు, అందరికీ గడ్డాలు. సన్యాసిరావుని ముందు పిలిచేరు. నిమిషంలో బయటికొచ్చేసేడు — తెలీదన్నాడట. పిరికివాడు అనుకున్నాను. నన్ను పిలిచేరు. మేజిస్ట్రేటు గారు మా సింధు కంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. గుర్తుపడితే భుజం మీద చెయ్యి వెయ్యండి అంది.

మొదటి నలుగురూ ఎవరో. ఐదోవాడి దగ్గర గుండె ఝల్లుమంది. ఈ ముఖం నేను చూసేను. తెలుసు నాకు. అనుమానం లేదు, ఆ కళ్ళు, ఆ గడ్డం... తెలిసిన ముఖమే. చివరిదాకా నడిచి మళ్ళీ వెనక్కొచ్చేను. మళ్ళీ అదే ఝల్లు. చెయ్యి వేసేను.

"నేను కాదమ్మా," అన్నాడు. అరవలేదు. మెల్లిగా అన్నాడు, నాకొక్కదానికే చెప్తున్నట్టు.

వాడి భుజం వేడిగా ఉంది. జ్వరమేమో.

ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇరవై రోజుల తర్వాత అన్నం అన్నంలా ఉంది.

ఆగస్టు 2

దేవుడమ్మ ఫోన్లో ఏడ్చింది. అమ్మ ఫొటో ముందు దీపం పెట్టి మీ పేరు చెప్పేనక్కా అంది.

వాడి పేరు నూకరాజట. అచ్యుతాపురం వాడో, యలమంచిలి వాడో. అడగలేదు. అనవసరం.

ఆగస్టు 10, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలి.

శిరీషకి ఈవారం ఓట్లు తక్కువున్నాయట. సింధు స్నేహితురాళ్ళందరూ పాతవి మళ్ళీ చూసి ముక్కలు కత్తిరించి పంచుకుంటున్నారు. సింధు ఆ ఊరి ఎపిసోడ్ పెట్టింది. నేను బెండకాయలు తరుగుతున్నాను. శిరీష వాళ్ళమ్మ కొంగు నోట్లో పెట్టుకుంటోంది. ఆవిడ వెనక, ఎడమపక్కన, ఒక మనిషి. భుజాల మీద చిన్నపిల్ల. పిల్ల చెయ్యి పట్టుకుని కెమెరాకి ఊపుతున్నాడు. నవ్వుతున్నాడు.

ఆపు అన్నాను. సింధుకి వినబడలేదు. రిమోట్ లాక్కున్నాను. ఎలా ఆపాలో తెలీదు, ఏదో నొక్కితే బొమ్మ పెద్దదైంది.

వాడే. ఐదోవాడు. నేను చెయ్యి వేసిన భుజం మీద ఆ పిల్ల కూర్చుని ఉంది.

ముందు నాకొచ్చిన ఆలోచన — దొంగ వెధవ, చేసిందంతా చేసి టీవీలో ఎలా నవ్వుతున్నాడో. నిజంగా అదే వచ్చింది.

తర్వాత... ఇది నేను ఇరవయ్యో తారీకునే చూసేను కదా. మూడుసార్లు. జైలుకి వెళ్ళడానికి పన్నెండు రోజుల ముందు.

వేలు తెగింది. బెండకాయల మీద రక్తం. సింధు, ఏమైందమ్మా, ఏమైందమ్మా అంటోంది. కత్తిపీట జారిందన్నాను.

ఆగస్టు 11

ఎవరికీ చెప్పలేదు. రెండుచోట్ల తప్పు టికెట్లు కొట్టేను.

రెండూ కావచ్చు కదా. కల్వర్టు దగ్గరా వాడే, టీవీలోనూ వాడే కావచ్చు. ఏటికొప్పాకవాడు దొంగ కాకూడదని ఉందా.

కానీ జైల్లో ఆ ఝల్లు... ఎక్కణ్ణుంచి వచ్చింది? కల్వర్టు దగ్గర్నుంచా, టీవీలోంచా. వేరు చెయ్యాలని చూస్తున్నాను. కుదరడం లేదు.

ఆగస్టు 13

సింధుని అడిగేను, ఈ ఊళ్ళవి ఎప్పుడు తీస్తారే అని. చాలా ముందే తీసేస్తారమ్మా, వారం పదిరోజులు అంది. ఎందుకంటే చెప్పలేదు. మళ్ళీ ఒకసారి చూద్దామని పెట్టమన్నాను. రాలేదు. ప్లాను అయిపోయిందట నిన్నటితో. పోనీలే అమ్మా, ఎలాగూ నువ్వు తిడతావు అంది.

తీసుకో అన్నాను. ఇప్పుడే తీసుకో.

నా ముఖం చూసి తీసుకుంది. ముప్పై సార్లు చూసి ఉంటాను ఆ రెండు క్షణాలు. వాళ్ళమ్మ వెనక గోడ మీద ఎండ. ఉదయం ఎండ.

ఆగస్టు 17, ఆదివారం

వీక్లీ ఆఫ్. ఏటికొప్పాక వెళ్ళేను. ఆయనతో బంధువులింటికి అని చెప్పేను. యలమంచిలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో.

శిరీష వాళ్ళిల్లు ఎవరినడిగినా చూపించేరు. బొమ్మలు కొనడానికి వచ్చినదాన్నని కూర్చున్నాను. వాళ్ళమ్మ మిషను తిప్పుతోంది, తిరిగే కర్రకి లక్క ఆనిస్తుంటే ఎర్రరంగు పాకుతోంది. పక్కన ఇంకో అమ్మాయి ఆకుతో మెరుగు పెడుతోంది. శిరీష మేనమామ బొమ్మలు డబ్బాల్లో సర్దుతున్నాడు. టీవీలో చూసేమండీ మిమ్మల్ని అంటే ముగ్గురి ముఖాలూ విచ్చుకున్నాయి. ఏ రోజు వచ్చేరండీ కెమెరా వాళ్ళు అని అడిగేను. మంగళవారం అన్నాడు మేనమామ. ఏ మంగళవారం? ఫోను తీసేడు. కెమెరాల్నీ, పెద్ద గొడుగులాంటి లైట్లనీ ఫొటోలు తీసుకున్నాడు. చూపించేడు ఒక్కొక్కటీ.

జూలై ఎనిమిది. పది గంటల నాలుగు నిమిషాలు. లైటు స్టాండు పక్కన, ఫొటో అంచున, సగం తెగిపోయి — భుజాల మీద పిల్లతో ఆ మనిషి.

నా టికెట్ మిషను లెక్క ప్రకారం వంతెన దగ్గర చివరి టికెట్ పది ఏడుకి కొట్టేను. ఏటికొప్పాక నుంచి ఆ కల్వర్టుకి ఎంత వేగంగా తోలినా గంట దారి.

ఆయనెవరండీ అన్నాను.

శిరీష వాళ్ళమ్మ మిషను ఆపకుండానే చెప్పింది. "మా నూకరాజు. కర్ర తెచ్చి పెడతాడు మాకు. పోలీసోళ్ళు అట్టుకుపోనారు. ఎవులో కండక్టరమ్మ సూపించిందట."

మెరుగు పెడుతున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

లేచి వచ్చేయొచ్చు. ఆటో బయటే ఉంది. నేనేనండీ ఆ కండక్టర్ని అన్నాను.

అప్పుడాగింది మిషను.

ఆ అమ్మాయి అతని భార్య. గౌరి. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. చేతికంటిన రంగు గుడ్డతో తుడుచుకుంది, ఒక్కో వేలూ.

"ఆరోజు ఈడే ఉన్నాడని ఊరంతా సెప్పేం. మీ ఊరోళ్ళు అలాగే సెప్తారన్నారు పోలీసోళ్ళు. మీరొక్కరు ముట్టుకుంటే నమ్మేసేరు."

మేనమామ తన ఫోనుకేసి చూసుకుంటున్నాడు. అతని ఫోన్లో నెలరోజులకు పైగా ఉంది ఆ ఫొటో. కెమెరాల్ని తీసుకున్నాడు గాని నూకరాజుని తీసినట్టు అతనికే తెలీదు.

నేను కొన్నది కాదు — గౌరే ఒక బొమ్మ ఇచ్చింది, సగమే రంగేసినది. ఎందుకిచ్చిందో తెలీదు. వద్దంటే ఇంకా బాగుండదని తెచ్చుకున్నాను. సంచిలోనే ఉంది. తియ్యలేదు.

ఆగస్టు 18

ఆయనకి చెప్పేను. బెల్లం మార్కెట్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయేడు. మేజిస్ట్రేటు ముందు చెప్పినమాట మారిస్తే నీ మీదే కేసు పెడతారేమో, ఉద్యోగం పోతుందేమో, ఎవరైనా లాయర్ని అడుగుదాం ఆగు అన్నాడు. తప్పని అనలేదు. భయంతో అన్నాడు. ఇరవైరెండేళ్ళలో ఆయన భయపడటం ఇది రెండోసారి చూడ్డం.

సింధు అంతా విని నెమ్మదిగా అంది: "నేను ఆ యాప్ తీసుకోకపోతే నువ్వు ఆ నూకరాజుని చూపించేదానివి కాదు కదమ్మా."

అలా అనకు అన్నాను. తర్వాత ఆలోచించేను. ఆ యాప్ లేకపోతే ఎవరి భుజం మీద వేసేదాన్నో చెయ్యి. వెయ్యకుండా వచ్చేదాన్నా? లేదు. ఎవరో ఒకరి మీద వేసేదాన్నే. అది తెలిసేక కూర్చోలేకపోయేను.

ఆగస్టు 19, మంగళవారం

స్టేషన్‌కి వెళ్ళేను. ఒక్కదాన్నే.

ఎస్సై గారు మొత్తం విన్నాడు. ఫొటోలో తేదీలు మార్చొచ్చు మేడమ్ అన్నాడు. టీవీవాళ్ళనడగండి సార్ అన్నాను. పెన్ను మూత పెట్టేడు, తీసేడు.

"మీరే కదా మేడమ్, నెల తర్వాతైనా చెప్తానన్నారు."

అవునండీ, అన్నాను.

తెల్లకాగితం నా వైపు తోసేడు. మీరు చూసింది మీరే రాయండి, నేను చెప్పను అన్నాడు. రాసేను. బండి ఎర్రది. మనిషి ఒక్కడు. ముఖం... అక్కడాగిపోయేను. 'ముఖం చూసేననుకున్నాను' అని రాసి సంతకం పెట్టేను. నూకరాజు లాయరుకీ ఒక కాపీ.

ఆగస్టు 21

ఇక్కడైనా నిజం రాయాలి. నెలన్నర్నుంచి రాయలేదు.

కల్వర్టు దగ్గర స్టాపు లేదు. స్టాపు ఇంకా ముందుంది, టీకొట్టు దగ్గర, జనం ఉంటారు. పోలమ్మ దగ్గర చేపలు కొనే ఇళ్ళు కల్వర్టు పక్క సందులోనే. గంప బరువు. ప్రతిసారీ నేనే విజిలేసి ఆపిస్తాను. ఆరోజూ ఆపించేను. ఎస్సై అడగలేదు, నేను చెప్పలేదు. సన్యాసిరావుకి తెలుసు, వాడూ చెప్పలేదు.

ఆ దొంగ దొరికితే తప్పంతా వాడిదవుతుంది. అంతే కదా నాకు కావలసింది. జైల్లోకి వెళ్ళేటప్పుడే చెయ్యి సిద్ధంగా ఉంది.

ఆగస్టు 25, సోమవారం

దేవుడమ్మ బస్ కాంప్లెక్స్‌కి వచ్చింది. నేను ఫోన్ చేసి చెప్దామని నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. ఎవరో ముందే చెప్పేసేరు. దేవరాపల్లి బస్సు పక్కన నిలబడి ఉంది, అమ్మ గంపే చంకన. ఇప్పుడు తనే తిరుగుతోంది ఊళ్ళు.

"ఎంతిచ్చేరక్కా?"

అంత నెమ్మదిగా అడిగింది. చుట్టూ ప్రయాణికులు. ఎవరూ ఇవ్వలేదు దేవుడమ్మా అన్నాను. టీవీ సంగతి చెప్పేను, ఫొటో సంగతి చెప్పేను. ఒక్కముక్క ఎక్కలేదు. టీవీలో కనబడినోడిని ఒగ్గేత్తారా అంది. ఆఖరికి స్టాపు సంగతి కూడా చెప్పేను. దానికి మాత్రం తల ఎత్తి చూసింది నన్ను.

అమ్మే ఆపమంటాది, నాకు తెలుసు అంది. నువ్వేటి సేత్తావు దానికి.

ఆ ఒక్కటే క్షమించింది. మిగతాది క్షమించలేదు. నా బస్సెక్కలేదు, తర్వాతదానికోసం నిలబడింది.

"మరి మా అమ్మని సంపినోడు ఎవులు?" అంది, బస్సు కదిలేక. నేను విజిలేసేసేను అప్పటికే.

ఆగస్టు 30

శిరీష బయటికొచ్చేసిందట ఆ ఇంట్లోంచి. సింధు చెప్పింది. ఎపిసోడ్ చూడలేదు ఇద్దరం.

సెప్టెంబరు 4, గురువారం

కోర్టు. టీవీ వాళ్ళు రాసిచ్చిన కాగితం వచ్చింది, ఆరోజు ఉదయం ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా ఊళ్ళో తీసేరని. విడిగా ఉన్న వీడియో కూడా పంపించేరట, అందులో నూకరాజు గంటసేపు కనిపిస్తూనే ఉన్నాడట. బెయిలిచ్చేరు. కేసులోంచి పేరు తీసెయ్యడానికి ఇంకా టైము పడుతుంది అన్నాడు లాయరు.

వరండాలో నూకరాజు. గౌరి పక్కన ఉంది, పిల్ల నిద్రపోయింది గౌరి భుజం మీద. నేను గోడవారగా వెళ్ళిపోదామనుకున్నాను. అతనే పిలిచేడు, కండక్టరమ్మా అని. చిక్కిపోయేడు. గడ్డం తీసేసేడు. గడ్డం లేకపోతే... నిజం చెప్పాలంటే, రోడ్డు మీద ఎదురైతే పోల్చుకునేదాన్ని కాదు.

నన్ను క్షమించమని అడగడానికి నోరు తెరిచేను. అతను వేరే ఏదో అడుగుతున్నాడు.

"ఆ టీవీలోది మీరు సూసేరట కదా. నేనింకా సూడలేదండి. అందులో మా పాప బాగా కనబడతందా?"

కనబడుతోందన్నాను. చెయ్యి ఊపుతోంది, మీరు పట్టుకుని ఊపిస్తున్నారు అన్నాను. నవ్వుతున్నారు ఇద్దరూ.

తల ఊపేడు. సింధు ఫోను అడిగి తెచ్చుకున్నాను, అందులో చూపిద్దామని తీస్తే కోర్టులో సిగ్నల్ లేదు, గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ముగ్గురం దానికేసి చూస్తూ నిలబడ్డాం. తర్వాత సూసుకుంటాంలెండి అని వెళ్ళిపోయేరు.

తిట్టి ఉంటే ఇంటికి ఇంతకంటే తేలిగ్గా వచ్చేదాన్ని.

సెప్టెంబరు 9

సన్యాసిరావుకి టీ ఇప్పించేను. పిరికివాడనుకున్నాను నిన్ను అని చెప్పేను. నవ్వేడు. టోపీ మాత్రం ఉందక్కా అన్నాడు. ఒట్టేసి చెప్పమన్నాను. గ్లాసు కింద పెట్టి — ఒట్టెయ్యలేనక్కా అన్నాడు.

సెప్టెంబరు 12

బస్సెక్కే మనుషుల ముఖాలు చూడ్డం మానేసేను. చేతులు చూస్తున్నాను. ఇచ్చిన చెయ్యికి టికెట్, చిల్లర. ఇవాళ ఒకామె రెండుసార్లు ఇచ్చేవు టికెట్ అని తిరిగిచ్చింది.

సెప్టెంబరు 16, మంగళవారం

ఎస్సై గారు ఫోన్ చేసేడు. విశాఖలో ఇంకో గొలుసు కేసులో ఒకణ్ణి పట్టుకున్నారట. కల్వర్టుదీ తనే అన్నట్టు చెప్పేడట, మళ్ళీ కాదన్నాడట. నానుతాడు దొరకలేదు, ఎప్పుడో కరిగించేసి ఉంటారట. ఎల్లుండి పదకొండింటికి వరసలో నిలబెడతారు.

నన్నా సార్ మళ్ళీ అన్నాను. ఇంకెవరున్నారు మేడమ్ అన్నాడు. సన్యాసిరావు ముందే రానన్నాడట. బలవంతం లేదు, మీ ఇష్టం అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు.

మా ఆయన వద్దంటున్నాడు.

సెప్టెంబరు 17, బుధవారం

మధ్యాహ్నం దేవుడమ్మ ఫోను. నేను హలో అనకముందే మాట్లాడింది. "కోపంలో అనేసేనక్కా. ఒగ్గెయ్యండి. రేపు రండి. ఈసారి నిదానంగా సూడండి. ఆడు కాపోతే కాదనే సెప్పండి." వెనక సముద్రం హోరు, ఎవరో పిల్ల ఏడుపు. వస్తానని గాని రానని గాని అనలేకపోయేను. ఆవిడ నేను ఒప్పుకున్నానే అనుకుంది. అమ్మకి చెప్తాను అని పెట్టేసింది.

వాడే దొంగైతే? నేను వెళ్ళకపోతే వదిలేస్తారేమో. ఇంకెవరి మెడో... వాడు కాకపోతే? మళ్ళీ ఝల్లుమంటుందేమో. ఝల్లుమంటే నమ్మాలా, ఝల్లుమనకపోతే నమ్మాలా.

ఇప్పుడు కూర్చుని కళ్ళు మూసుకున్నాను. అంతా వస్తోంది, ఒక్కటీ చెదరలేదు. పోలమ్మ ఎత్తిన చేతులు. గంప. బండి ముందుకెళ్ళి ఆగడం. వాడు మెల్లిగా వెనక్కి తిరగడం. తిరిగేక నూకరాజే ఉంటున్నాడు అక్కడ. ఎన్నిసార్లు తిప్పినా నూకరాజే. నవ్వుతూ.

రేపటి డ్యూటీ మార్చమని అర్జీ రాసేను, డిపో మేనేజరు గారికి. తేదీ వేసేను, మనిషిని గుర్తుపట్టడానికి వెళ్ళాలని కారణం రాసేను. కింద సంతకం ఖాళీగా ఉంది.